ఢిల్లీలో అయిదు రోజులు, లిస్టులో ఇరవై ఏడు చోట్లు

ప్రశ్న: దసరా సెలవుల్లో మేం అయిదుగురం ఢిల్లీ వెళ్తున్నాం. నేను, మా వారు, తొమ్మిదో తరగతి బాబు, ఆరో తరగతి పాప, మా అత్తమ్మ. అత్తమ్మకి అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి. ఉల్లి, వెల్లుల్లి తినరు. శుక్రవారం పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దిగి, బుధవారం తిరుగు రైలు ఎక్కాలని ఆలోచన. టికెట్లు ఇంకా తీయలేదు. మా వారు వీడియోలు చూసి ఇరవై ఏడు చోట్లతో లిస్టు రాశారు. రోజుకి ఆరు చూసేస్తే అయిపోతుంది అంటారు. ఆగ్రా కూడా అందులోనే ఉంది. నాకేమో ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, ఏ రోజు ఏది పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ వారి లిస్టు చూశాను. ఆయన ఎంచుకున్న వాటిలో పనికిరానిది ఒక్కటీ లేదు. కానీ ఆయన పేర్లు రాసుకున్నారు గానీ మ్యాపు చూసినట్టు లేదు. కుతుబ్ మినార్ ఊరికి దక్షిణాన, ఎర్రకోట ఉత్తరాన. మధ్యలో పదిహేను కిలోమీటర్లకు పైనే దూరం, సాయంత్రమైతే గంటకు పైగా ట్రాఫిక్. ఆ రెండూ ఒకే రోజు పెట్టి మధ్యలో లోటస్ టెంపుల్, ఇండియా గేట్, అక్షరధామ్ ఇరికిస్తే పిల్లలకు గుర్తుండేది కారు కిటికీ ఒక్కటే.

ఇంకో మాట. ఢిల్లీ ఒక ఊరు కాదు. కుతుబ్ చుట్టూ ఉన్న మెహ్రౌలీ ఒక రాజధాని, తుగ్లకాబాద్ ఇంకొకటి, షాజహాన్ కట్టించిన పాత ఢిల్లీ వేరొకటి, 1911లో బ్రిటిష్‌వాళ్లు రాజధాని మారుస్తున్నామని చెప్పి కట్టుకున్న న్యూఢిల్లీ మరొకటి. కొత్త రాజు వచ్చినప్పుడల్లా పాత కోట వదిలేసి నాలుగైదు మైళ్ల అవతల ఇంకో కోట కట్టుకున్నాడు. మనం కూడా అలాగే తిరగాలి, రోజుకో ఢిల్లీ. పొద్దున ఒక పెద్ద కట్టడం, ఆ పక్కనే నడిచి వెళ్లగలిగే చిన్నదొకటి, మధ్యాహ్నం మూడు దాటాక అత్తమ్మ రూముకి. అంతకు మించి పెట్టుకోకండి.

ముందు మకాం సంగతి. ఏజెంట్లు ఎక్కువగా కరోల్ బాగ్, పహాడ్‌గంజ్ చెబుతారు. పహాడ్‌గంజ్ న్యూఢిల్లీ స్టేషన్ ఎదురుగానే, చవక కూడా, కానీ పెద్దావిడతో ఆ రద్దీ కష్టం. నన్నడిగితే లాజ్‌పత్ నగర్ వైపు చూడండి. అక్కడ మెట్రో వయొలెట్ లైన్ ఉంది. అదే లైన్‌లో ఖాన్ మార్కెట్ స్టేషన్ లోధీ గార్డెన్‌కి దగ్గర, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్టేషన్ హుమాయూన్ సమాధికి దగ్గర, లాల్ ఖిలా స్టేషన్ ఎర్రకోట ఎదుటే. ఆగ్రా రైలు ఎక్కే హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ కూడా దూరం కాదు. హోటల్ వాళ్లకు ముందే ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా, మెట్రో గేటుకు ఎంత దూరం అని అడగండి. 'నడిచేంత దూరమే' అంటే నమ్మొద్దు, మ్యాపులో మీరే కొలుచుకోండి. మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్లది. మీరూ, పాప, అత్తమ్మ అందులో ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ. మగవాళ్లిద్దరూ పక్క పెట్టెలో.

శుక్రవారం మీరు ఒక రాత్రంతా రైల్లో గడిపి దిగుతారు. ఆ రోజు లిస్టులోంచి ఏమీ పెట్టొద్దు. స్నానాలు, కాస్త కునుకు, మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ కేంటీన్‌లో భోజనం. అన్నం, పప్పు, కూర, పచ్చడి, పెరుగు అడిగినంత వడ్డిస్తారు. లైన్ ఉంటుంది కానీ త్వరగానే కదులుతుంది. అత్తమ్మ కోసం ఉల్లి లేనివి ఏవో వడ్డించేవాళ్లను అడగండి, తెలుగులోనే చెబుతారు. సాయంత్రం లోధీ గార్డెన్. టికెట్ లేదు, నడక సులువు, కూర్చోవడానికి కావలసినంత చోటు. అక్కడ మహమ్మద్ షా సయ్యద్ సమాధి ఉంది, 15వ శతాబ్దానిది. ఎనిమిది పలకలుగా ఉంటుంది. ఆ ఎనిమిది పలకల ఆకారాన్ని పిల్లలకు చూపించి గుర్తుపెట్టుకోమనండి. ఎందుకో సోమవారం దగ్గర చెబుతాను.

శనివారం కుతుబ్. ఎనిమిదికల్లా అక్కడ ఉండండి. ఎండ తగలదు, స్కూల్ బస్సులు రాకముందే లోపల ఉంటారు. మెట్రోకు కుతుబ్ మినార్ అనే స్టేషన్ ఉంది కానీ అది కట్టడానికి ఆనుకుని లేదు, దిగాక మళ్లీ ఆటో ఎక్కాలి. అయిదుగురున్నారు కాబట్టి రూము నుంచి నేరుగా క్యాబ్ మేలు. లోపల నేల చాలావరకు చదును, అత్తమ్మకి ఇబ్బంది ఉండదు. మినార్ ఎక్కనివ్వరు. 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు, అప్పటినుంచి మూసేశారు. బాబు తప్పకుండా అడుగుతాడు కాబట్టి ముందే చెప్పి ఉంచండి.

అందరూ మినార్ కింద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీరు పక్కనున్న మసీదు మండపంలో కాసేపు ఆగండి. ఆ స్తంభాలు పాత గుళ్లవి. ఇరవై ఏడు గుళ్ల రాళ్లతో కట్టినట్టు అక్కడి శాసనమే చెబుతుంది. వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగిన మీ పిల్లలకు గంటలు, గొలుసులు, పూర్ణకుంభాలు చెక్కిన ఆ స్తంభాలు కొత్తగా అనిపించవు. ఆ ప్రాంగణం మధ్యలో ఇనుప స్తంభం ఉంది. దాదాపు 1600 ఏళ్ల కిందటిది, ఏడు మీటర్ల పైన ఎత్తు, ఇప్పటికీ తుప్పు తినలేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన పల్చటి పొర ఏర్పడి కాపాడుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు. తొమ్మిదో తరగతి కుర్రాడికి ఇంతకంటే మంచి కెమిస్ట్రీ పాఠం దొరకదు.

దక్షిణం వైపు ద్వారం అలాయీ దర్వాజా. అల్లావుద్దీన్ ఖిల్జీ 1311లో కట్టించాడు. దానికి ముందు ఏడాదే, 1310లో, అతని సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుడి దగ్గర ధనం, ఏనుగులు, గుర్రాలు కప్పంగా తీసుకుని ఢిల్లీ చేరాడు. వరంగల్ కోటలో కీర్తి తోరణాల కింద ఆడుకున్న పిల్లలు ఆ దర్వాజా ముందు నిలబడినప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పాల్సిందే. అటు ఉత్తరంగా మొండి గుట్టలాగా కనిపించేది అలాయీ మినార్. కుతుబ్‌కి రెండింతలు కడతానని అల్లావుద్దీన్ మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు దగ్గర ఉండగానే పోయాడు. తర్వాత వచ్చినవాళ్లెవరూ దాని జోలికి పోలేదు.

కుతుబ్‌కి ఆనుకునే మెహ్రౌలీ ఆర్కియలాజికల్ పార్క్ ఉంది. అందులో రాజోన్ కీ బావలీ చక్కటి మెట్లబావి, మన శివనగర్ బావిని చూసిన వాళ్లకి దీన్నీ చూడాలనిపిస్తుంది. కానీ దారి మట్టిదారి. మీరూ అత్తమ్మ కుతుబ్ దగ్గర చెట్ల కింద కూర్చుంటే, ఆయన పిల్లల్ని తీసుకెళ్లి గంటలో వస్తారు. అయిదుగురూ అన్ని చోట్లా కలిసే తిరగాలని పంతం పెట్టుకోవద్దు. కుటుంబాలు ప్రయాణాల్లో గొడవపడేది సగం అందుకే.

మధ్యాహ్నం సాకేత్ వెళ్లండి. అక్కడి పెద్ద మాల్‌లో ఏసీ, బాత్‌రూములు, తిండి అన్నీ ఉంటాయి. సరిగ్గా ఆ మాల్ ఎదుట రోడ్డు దాటితే ఖిడ్కీ మసీదు. 14వ శతాబ్దం నాటిది. బయటికి కోటలా కనిపిస్తుంది, లోపల జాలీ కిటికీల్లోంచి, పైకప్పు లేని నాలుగు చిన్న ముంగిళ్లలోంచి పడే వెలుతురు తప్ప అంతా చీకటి. గబ్బిలాల వాసన వస్తుంది, ముక్కు మూసుకోవాల్సిందే. అయినా చూడమనే అంటాను. దాన్ని కట్టించినవాడు జునాన్ షా. ఆయన తండ్రి ఓరుగల్లు వాడు.

ఆదివారం తేలిక రోజు. ట్రాఫిక్ తక్కువ కాబట్టి న్యూఢిల్లీ వైపు పెట్టుకోండి. పొద్దున ఇండియా గేట్, తర్వాత నేషనల్ మ్యూజియం. మ్యూజియం మొత్తం చూడాలనుకుంటే మనుషులు మిగలరు. సింధు నాగరికత గది, నాణేల గది, మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఉన్న గది చాలు. మొహెంజొదారో నర్తకి బొమ్మ పది సెంటీమీటర్ల పైన కొంచెం, అంతే. పుస్తకంలో ఫొటో చూసి నిలువెత్తు విగ్రహం అనుకున్న పిల్లలు అక్కడ గాజుపెట్టె ముందు నోరు తెరుస్తారు. గదులు అప్పుడప్పుడు మరమ్మతులకు మూస్తుంటారు, వెళ్లేముందు వెబ్‌సైట్ చూసుకోండి. సాయంత్రం అత్తమ్మది. గోల్ మార్కెట్ దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ గుడి ఉంది, దానికి దగ్గర్లోనే బిర్లా మందిర్. 1939లో గాంధీ గారు దాన్ని ప్రారంభించారు, అన్ని కులాలవాళ్లనూ రానివ్వాలన్న షరతు మీద.

ఇక అక్షరధామ్. మీ వారి లిస్టులో ఇది రెండో స్థానంలో ఉంది. బాగుంటుంది, కాదనను. కానీ 2005లో తెరిచిన గుడి, యమున అవతల ఉంది, ఫోన్లూ బ్యాగులూ బయట అప్పగించి లైన్లో నిలబడి లోపలికెళ్లి వచ్చేసరికి ఒక పూట పోతుంది. పాత ఢిల్లీ చూడ్డానికి వెళ్తున్నవాళ్లు ఒక పూట దానికి ఇస్తే ఇంకేదో వదులుకోవాలి. నేనైతే దీన్నే వదిలేస్తాను. లోటస్ టెంపుల్, తుగ్లకాబాద్, పురానా ఖిలా, జంతర్ మంతర్ కూడా ఈసారికి తీసేయండి. తుగ్లకాబాద్ కోట నాకు చాలా ఇష్టం, కానీ అది రాళ్లూ ముళ్లూ ఎక్కి దిగే చోటు, మోకాళ్ల నొప్పులతో కుదరదు. సరోజినీ నగర్ షాపింగ్ లిస్టులో ఎలా చొరబడిందో నాకు తెలియదు. పాప పని కావచ్చు.

సోమవారం ఎర్రకోటకి సెలవు. నేషనల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్ కూడా మూసి ఉంటాయి. మీ వారు ఎర్రకోట సోమవారం పెట్టారు! హుమాయూన్ సమాధి మాత్రం ఆ రోజూ తెరిచే ఉంటుంది. కాబట్టి ఈ రోజు నిజాముద్దీన్ చుట్టుపక్కల. నా లెక్కలో మీ ప్రయాణానికి ఇదే అసలు రోజు.

పొద్దున హుమాయూన్ సమాధి ఆవరణలోకి వెళ్లగానే కుడి పక్కన ఈసా ఖాన్ సమాధి వస్తుంది. 1547 నాటిది, అంటే ప్రధాన సమాధి కంటే ముందుది. ఎనిమిది పలకలు. లోధీ గార్డెన్‌లో చూసింది పిల్లలకు గుర్తొస్తుంది. తర్వాత హుమాయూన్ సమాధి. భర్త పోయాక ఆయన రాణి కట్టించింది. తాజ్‌మహల్‌కి దాదాపు డెబ్భై, ఎనభై ఏళ్ల ముందే ఇలా తోట మధ్యలో ఎత్తైన అరుగు మీద గుమ్మటం లేచింది. బుధవారం తాజ్ చూస్తారు కాబట్టి ముందు ఇది చూడటమే వరుస. 1857 తిరుగుబాటు ఓడిపోయాక చివరి మొఘల్ బహదూర్ షా జఫర్ తలదాచుకున్నదీ, ఇంగ్లీషువాళ్లకు దొరికిపోయిందీ ఇక్కడే. అరుగు మీదికి మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తమ్మని ఎక్కించొద్దు. పక్కనే సుందర్ నర్సరీ ఉంది. టికెట్ పెట్టి చక్కగా ఉంచిన పెద్ద తోట, బెంచీలు, నీళ్లు, పాత కట్టడాలు కూడా ఉన్నాయి. మీరు, అత్తమ్మ, పాప అక్కడ ఉండండి.

మీ వారు, బాబు మాత్రం రోడ్డు దాటి నిజాముద్దీన్ బస్తీలోకి వెళ్లాలి. నిజాముద్దీన్ ఔలియా దర్గా అందరికీ తెలుసు. ఆయన పాదాల చెంత శిష్యుడు అమీర్ ఖుస్రో సమాధి. గురుశిష్యులిద్దరూ 1325లోనే పోయారు. కాఫూర్ ఓరుగల్లు ముట్టడిని వర్ణిస్తూ రాసినవాడు ఈ ఖుస్రోనే. దర్గా చూశాక అదే బస్తీలో 'తిలంగానీ మక్బరా' ఎక్కడని అడగండి. ఒకరికి తెలియకపోతే ఇంకొకరిని అడగండి, కాలీ మసీదు దగ్గర అంటే తెలుస్తుంది.

1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లును గెలిచి ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపాడు. రాజు దారిలో నర్మద ఒడ్డునే పోయాడని మన విలస తామ్రశాసనం చెబుతుంది. ఆయన కొలువులోని ఒక ఉద్యోగి మాత్రం ఢిల్లీ చేరాడు. మతం మారి మక్బూల్ అయ్యాడు. మెల్లగా ఎదిగి ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరు అయ్యాడు, ఖాన్ జహాన్ అన్న బిరుదు పొందాడు. సుల్తాను దండయాత్రల్లో ఉన్నప్పుడు రాజ్యం నడిపింది ఈ తెలుగువాడే. పేరు చివర 'తిలంగానీ' అని ఊరి గుర్తు చివరిదాకా ఉండిపోయింది. 1368 ప్రాంతంలో చనిపోతే కొడుకు జునాన్ షా ఇక్కడ సమాధి కట్టించాడు. శనివారం మీరు చూసిన ఖిడ్కీ మసీదు కట్టించిందీ ఆ కొడుకే. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధుల్లో మొదటిది ఈ తిలంగానీదే. లోధీ గార్డెన్‌లోదీ, ఈసా ఖాన్‌దీ దాని తర్వాతవే.

ఇంత చెప్పాక ఏదో గొప్ప కట్టడం ఊహించుకోవద్దు. ఇళ్లు చుట్టూ, మీదా అల్లుకుపోయి, గుమ్మటం పైభాగం తప్ప పూర్తి ఆకారం కనబడటమే కష్టం. మనుషులు కాపురం ఉంటున్న చోటు, అడగకుండా లోపలికి వెళ్లొద్దు, ఫొటోలకు ముందు ఒక మాట అడగండి. అయినా వరంగల్ నుంచి వెళ్లే పిల్లవాడికి ఇది చూపించకుండా వెనక్కి తేవద్దని నా మాట. మీ వారి ఇరవై ఏడింటిలో ఇది లేదు, ఇరవై ఎనిమిదోదిగా నేనే కలుపుతున్నాను.

మంగళవారం ఎర్రకోట, చాందినీ చౌక్. తొమ్మిదిన్నరకి కోట దగ్గర ఉంటే పన్నెండుకి బయటపడతారు. లోపల చాలా ఖాళీ స్థలం కనబడుతుంది. మహళ్లు లేక కాదు, 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు చాలా భాగం కూల్చి సైనిక బారకాసులు కట్టారు. ఒకప్పుడు నెమలి సింహాసనం ఉన్న దివాన్-ఎ-ఖాస్, ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద 1945లో విచారణ జరిగిన కోట ఇదేనన్న సంగతి, ఈ రెండూ పిల్లలకు చెప్పి నడిపించండి.

కోట ఎదుటి రోడ్డే చాందినీ చౌక్. పగటిపూట మోటారు బళ్లు రానివ్వరు, సైకిల్ రిక్షా ఎక్కొచ్చు. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. మొదట్లోనే ఎర్రరాయి జైన మందిరం, దాంట్లో పక్షుల ఆస్పత్రి. గాయపడ్డ పావురాలకి, చిలకలకి అక్కడ వైద్యం చేస్తారు. పాపకి మొత్తం ఢిల్లీలో ఇదే నచ్చొచ్చు. ఇంకాస్త ముందుకెళితే గురు తేగ్ బహదూర్‌ను 1675లో చంపించిన చోట కట్టిన శీష్ గంజ్ గురుద్వారా, దాని పక్కనే సునెహ్రీ మసీదు. 1739లో నాదిర్ షా అక్కడ కూర్చుని ఊరి ఊచకోత చూశాడు. ఆ తర్వాతే నెమలి సింహాసనం పర్షియా వెళ్లిపోయింది.

తిండి సంగతిలో అత్తమ్మకి అదృష్టం కలిసొచ్చింది. పరాఠే వాలీ గలీలో పాత దుకాణాలవాళ్లు ఉల్లి, వెల్లుల్లి వాడరు. పైగా మీరు వెళ్లేది నవరాత్రుల్లో, ఊరంతా హోటళ్లలో 'వ్రత్ థాలీ', అంటే ఉల్లి, వెల్లుల్లి లేని ఉపవాస భోజనం దొరుకుతుంది. అందులో అన్నం ఉండదు, సగ్గుబియ్యం, కుట్టూ (బక్‌వీట్) పిండితో చేస్తారు. రెండు రోజులు తింటే ఆవిడకే విసుగొస్తుంది కాబట్టి పొడి, ఊరగాయ వెంట ఉంచండి. పరాఠాలు నూనెలో వేయించినవి, ఒకటి చాలు. నీళ్లు మాత్రం సీసావే.

ఆ రోజుల్లో ఎర్రకోట మైదానంలో రాత్రిపూట రామ్‌లీలా ఆడుతుంటారు. పిల్లలు చూస్తామంటే ఉండండి, లేదంటే అయిదున్నరకల్లా మెట్రో ఎక్కేయండి. మధ్యస్తంగా ఏడింటికి బయల్దేరారంటే ఆ జనంలో ఇరుక్కుంటారు. జామా మసీదుకి నమాజు వేళలు కాకుండా వెళ్లాలి. మెట్లు ఎక్కువ, అత్తమ్మ కింద రిక్షాలో కూర్చోవచ్చు.

బుధవారం ఆగ్రా. ఆ ఒక్క రోజూ ఆగ్రా వెళ్లి రాత్రికి ఢిల్లీ తిరిగొచ్చి మళ్లీ రైలు ఎక్కడం అనవసరం. మీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీలో మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రం ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతుంది. తిరుగు టికెట్ ఆగ్రా నుంచి కాజీపేటకే తీయండి. పొద్దున నిజాముద్దీన్‌లో గతిమాన్ ఎక్కితే రెండు గంటల్లోపే ఆగ్రా. సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టాలి, బ్యాగులకి తాళాలు లేకపోతే తీసుకోరు. గతిమాన్ శుక్రవారం నడవదు, తాజ్ కూడా శుక్రవారమే మూసి ఉంటుంది, మీకు ఆ బెడద లేదు. తాజ్‌లో మామూలు టికెట్ కాక సమాధి గదిలోకి వెళ్లడానికి వేరే టికెట్ ఉంటుంది, ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, ఇద్దరి ఆధార్ వెంట ఉంచండి. తాజ్ ఒక్కటే చూడండి. టైమ్ మిగిలితేనే ఆగ్రా కోట.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, దసరా రష్‌లో మొదటి రోజే అయిపోవచ్చు. వెళ్లేదానికి బుకింగ్ ముందు తెరుస్తారు కాబట్టి అది ముందు తీయండి, తర్వాత ఆగ్రా–కాజీపేట, తర్వాత గతిమాన్, హోటల్ చివర్లో. అయిదు బెర్తుల్లో అత్తమ్మకి లోయర్ బెర్త్ వచ్చేలా బుకింగ్‌లో ఆవిడ వయసు సరిగ్గా వేయండి. చాలామంది పేరు మీదే ధ్యాస పెట్టి వయసు దగ్గర తప్పు కొడతారు.